చలికి గడ్డకట్టని అయస్కాంతం

అయస్కాంతం లేని ఇల్లు నేడు అరుదు. ఫ్రిజ్ తలుపు దానంతటది అతుక్కుని మూసుకోవడానికి, స్పీకరులో పాట పలకడానికి, పిల్లల బొమ్మ మోటారు తిరగడానికి మూలం అదే. ఇనుప మేకును ఆకర్షించే ఈ రాయి సంగతి మూడవ తరగతి బాలునికి సైతం విదితమే. అయితే ఆ రాయి లోపల ఏమి జరుగుతున్నది అన్న ప్రశ్న మాత్రం నూరేళ్ళుగా గొప్ప గొప్ప శాస్త్రజ్ఞులను సైతం కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

వేడి తగ్గే కొద్దీ పదార్థం కుదురుకుంటుందని అందరి అనుభవం. ఆవిరి నీరవుతుంది, నీరు మంచుగడ్డ అవుతుంది. అయస్కాంత పదార్థాలు కూడా అంతేననీ, తగినంత చల్లబరిస్తే వాటిలోని అణువులు ఏదో ఒక క్రమంలో నిలబడి తీరుతాయనీ చాలాకాలం భావించారు. కాని కొన్ని స్ఫటికాలు ఈ నియమానికి తలవంచడం లేదు. ఎంత చలిలో ఉంచినా వాటి అయస్కాంతత్వం గడ్డకట్టడం లేదు. ఈ విచిత్ర స్థితికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘స్పిన్ లిక్విడ్’, అనగా స్పిన్ ద్రవం. ఇది కంటికి ద్రవంగా కనిపించదు. చేతిలోకి తీసుకుంటే రాయిలా గట్టిగానే ఉంటుంది. ద్రవంలా మసలేది దాని లోపలి అయస్కాంతత్వం మాత్రమే. ఆ స్థితి ఎట్లా ఏర్పడుతుంది, అది నిజంగా ఉన్నదని ఎట్లా తెలుసుకోవాలి అన్నవే ఈ వ్యాసంలోని విషయాలు.

అణువులోని దిక్సూచి

ప్రతి ఎలక్ట్రానుకు విద్యుదావేశంతో పాటు ‘స్పిన్’ అనే సహజ గుణం ఒకటి ఉన్నది. పేరును బట్టి బొంగరంలా తిరుగుతున్నదని అనిపించినా, నిజానికి అది తిరగడం కాదు. ఎలక్ట్రాను అతి చిన్న దిక్సూచి ముల్లువలె ప్రవర్తిస్తుందని మాత్రం అనుకుంటే చాలు. చాలా పదార్థాలలో ఈ ముళ్ళు రెండేసి జతకూడి, ఒకటి పైకి, ఒకటి కిందికి నిలిచి, ఒకదాని ప్రభావాన్ని ఒకటి రద్దు చేసుకుంటాయి. అందువల్లనే చెక్క, గాజు, ప్లాస్టిక్కు అయస్కాంతాలు కావు. ఇనుము, నికెల్, రాగి సమ్మేళనాల వంటి కొన్నిటిలో జత దొరకని ఎలక్ట్రానులు మిగిలిపోతాయి. అయస్కాంత కథ అంతా ఈ ఒంటరి ముళ్ళదే.

ఇనుములో పక్కపక్కనున్న ముళ్ళు ఒకే దిక్కుకు తిరగడానికి ఇష్టపడతాయి. అన్నీ కలసి ఒకే వైపు చూసినప్పుడు ఆ ఇనుప ముక్క బలమైన అయస్కాంతమవుతుంది. కాని వేడి ఈ ఐకమత్యానికి శత్రువు. ఇనుమును 770 డిగ్రీల సెంటిగ్రేడు దాటించి కాలిస్తే ముళ్ళన్నీ సంతలో జనంవలె తలా ఒక దిక్కు పడతాయి. చల్లారితే తిరిగి వరుసలో నిలుస్తాయి.

రెండవ రకం పదార్థాలలో ముళ్ళ స్వభావం దీనికి విరుద్ధం. పక్కవాడు పైకి చూస్తే తాను కిందికి చూడాలని ప్రతి ముల్లూ కోరుకుంటుంది. చదరంగం బల్లమీద నల్లగడి పక్కన తెల్లగడి వచ్చినట్లు, పైకి ఒకటి, కిందికి ఒకటిగా అమరిపోతాయి. మొత్తం మీద అయస్కాంత బలం సున్నా కాబట్టి ఇటువంటి వస్తువు మేకును ఆకర్షించదు, కాని లోపల మాత్రం చక్కని క్రమశిక్షణ ఉంటుంది. దీనిని యాంటీఫెర్రో అయస్కాంతం అంటారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ నీల్ 1930ల దశకంలో ఈ ఊహను ప్రతిపాదించినప్పుడు సందేహించిన పెద్దలు ఉన్నారు. బయటికి ఏ లక్షణమూ కనిపించని అయస్కాంతాన్ని నమ్మడమెట్లా? ఆ సందేహం 1949లో తీరింది. అమెరికాలో క్లిఫర్డ్ షల్ తన సహచరునితో కలసి మాంగనీసు ఆక్సైడు మీదికి న్యూట్రానులను పంపి, లోపలి ఎదురుబొదురు వరుసను కళ్ళకు కట్టినట్లు చూపాడు. నీల్‌కు 1970లోను, షల్‌కు 1994లోను నోబెల్ బహుమతి లభించింది. కంటికి కనిపించని క్రమాన్ని న్యూట్రానులతో పట్టుకోవచ్చునన్న ఈ పాఠం తరువాతి కథలో మళ్ళీ అక్కరకు వస్తుంది.

మూడు చేల తగవు

చదరంగం బల్లలో ప్రతి గడికీ నాలుగు వైపుల గడులు ఉంటాయి గనుక నలుపు తెలుపు పంపకం సులువుగా కుదిరింది. ముళ్ళు ముక్కోణాకారంలో ఉంటే? చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మూడు చేలు ఒకే చోట కలుస్తున్నాయనీ, ప్రతి చేనుకూ మిగిలిన రెంటితోనూ ఉమ్మడి గట్టు ఉన్నదనీ అనుకుందాం. వేయదగిన పంటలు రెండే, కంది లేదా ఆముదం. పురుగు ఒక చేను నుంచి మరొక చేనుకు పాకకుండా గట్టుకు ఇరువైపులా ఒకే పంట వేయరాదన్నది కట్టుబాటు. మొదటి రైతు కంది వేశాడు. రెండవ రైతు ఆముదం వేశాడు. మూడవ రైతు ఏమి వేయాలి? కంది వేస్తే మొదటివానితో తగవు, ఆముదం వేస్తే రెండవవానితో తగవు. ముగ్గురూ ఎంత మంచివారైనా, ఎంత సర్దుకున్నా, ఒక గట్టు మీద కట్టుబాటు తప్పక భంగమవుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. తప్పంతా చేల ఆకారంలో ఉన్నది.

లెక్క వేస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. మూడు చేలలో రెండు పంటలను మొత్తం 8 రీతుల వేయవచ్చు. వాటిలో మూడు చేలకూ ఒకే పంట వేసే రీతులు 2. అప్పుడు మూడు గట్లమీదా తగవే. మిగిలిన 6 రీతులలో సరిగ్గా ఒక్క గట్టు మీద మాత్రమే తగవు ఉంటుంది. ఈ ఆరూ సమానమే. ఒకటి మంచిదనీ మరొకటి చెడ్డదనీ చెప్పడానికి వీలులేదు. కాబట్టి ప్రకృతికి ఎంచుకోవడానికి కారణం దొరకదు.

ముక్కోణంలో చిక్కిన ఈ అయస్కాంత ముళ్ళ స్థితికి ‘ఫ్రస్ట్రేషన్’ అన్న పేరు 1970ల దశకంలో స్థిరపడింది. తెలుగులో దీనిని ‘సంకటస్థితి’ అనుకుంటే అర్థం చెడదు. పేరు రాకముందే దాని ఫలితాన్ని గణితంతో నిరూపించినవాడు గ్రెగొరీ వానియర్. పైకి, కిందికి అన్న రెండే దిక్కులు గల ముళ్ళను ముక్కోణాల జాలంలో అమరిస్తే, చలికి తుది హద్దయిన మైనస్ 273.15 డిగ్రీల వద్ద కూడా అవి ఒకే క్రమంలోకి రావనీ, అసంఖ్యాకమైన సమాన రీతులు మిగిలిపోతాయనీ ఆయన 1950లో చూపాడు. ఈ తుది హద్దును శాస్త్రజ్ఞులు సున్నా కెల్విన్ అంటారు. ఇకపై చెప్పే చలి కొలతలన్నీ కెల్విన్లలోనే.

మంచుగడ్డ పలికిన సాక్ష్యం

ఇది కాగితం మీది లెక్క మాత్రమే అనుకోవడానికి వీలులేదు. దీని పోలిక సోడా దుకాణంలోని మంచుగడ్డలోనే ఉన్నది. మంచుగడ్డలో ప్రతి ఆక్సిజన్ అణువు చుట్టూ నాలుగు హైడ్రోజనులు ఉంటాయి. వాటిలో రెండు దగ్గరగా, రెండు దూరంగా ఉండాలి. ఏ రెండు దగ్గర, ఏ రెండు దూరం అన్నదానికి మాత్రం పట్టింపు లేదు. అందువల్ల ఎంత చల్లబరిచినా మంచుగడ్డలో కొంత అనిశ్చితి మిగిలే ఉంటుందని అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు లైనస్ పాలింగ్ 1935లో లెక్కకట్టాడు. మరుసటి ఏడాది ప్రయోగశాలలో కొలిచిన విలువ ఆ లెక్కతో చక్కగా సరిపోయింది.

అరవై ఏళ్ళ తరువాత, 1997లో, హోల్మియం టైటనేట్ అనే స్ఫటికంలో అయస్కాంత ముళ్ళు అచ్చం ఇదే నియమాన్ని పాటిస్తున్నాయని తెలిసింది. నాలుగు ముళ్ళలో రెండు లోపలికి, రెండు బయటికి చూస్తాయి. దీనికి ‘స్పిన్ ఐస్’ అని పేరు పెట్టారు. కాని స్పిన్ ఐస్‌లో ముళ్ళు చలి పెరిగేకొద్దీ మందగించి, ఏదో ఒక అస్తవ్యస్తపు రీతిలో ఇరుక్కుపోతాయి. అసలు ఎప్పటికీ కదలిక మానని స్థితి ఒకటి ఉండగలదా అన్నది అంతకన్న లోతైన ప్రశ్న.

కోలాటం వంటి కదలిక

ద్రవ హీలియం ఈ ప్రశ్నకు ఒక ఆశను కల్పించింది. మామూలు పీడనం వద్ద హీలియంను ఎంత చల్లబరిచినా గడ్డకట్టదు. వేడి పూర్తిగా పోయినా దాని అణువులలో క్వాంటమ్ నియమాల వల్ల కలిగే కదలిక ఆగదు. దానిని గడ్డకట్టించాలంటే గాలి పీడనానికి సుమారు 25 రెట్లు ఒత్తిడి పెట్టాలి. హీలియం అణువులు చేయగలిగిన పనిని అయస్కాంత ముళ్ళు ఎందుకు చేయరాదు?

ఈ ఊహకు రూపమిచ్చినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు ఫిలిప్ ఆండర్సన్. ఆయన 1973లో ప్రచురించిన ఒక పత్రంలో ముక్కోణ జాలంలోని స్పిన్‌లు వరుసలో నిలబడటానికి బదులు రెండేసి చొప్పున జతలు కడతాయని చెప్పాడు. జతలోని రెండు స్పిన్‌లు ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురుగానే ఉంటాయి. కాని ఏది పైకి, ఏది కిందికి అన్నది నిశ్చయం కాదు. పైగా ఎవరికి ఎవరు జత అన్నదీ శాశ్వతం కాదు.

దీనిని కోలాటంతో పోల్చవచ్చు. కోలాటంలో ప్రతివారూ ఎదుటివారి కోలతో తమ కోలను తాకిస్తారు, మరుక్షణం జత మారుతుంది. ఏ క్షణంలోనూ ఎవరూ ఒంటరి కారు, అయినా ఏ జతా స్థిరం కాదు. పోలికకు ఒక హద్దు మాత్రం ఉన్నది. కోలాటంలో జతలు ఒకదాని తరువాత ఒకటిగా మారతాయి. క్వాంటమ్ లోకంలో సాధ్యమైన జతల అమరికలన్నీ ఒకేసారి కలగలసి ఉంటాయి. ఆ కలయిక వల్ల ఎంతో దూరాన ఉన్న స్పిన్‌ల మధ్య సైతం విడదీయరాని సంబంధం ఏర్పడుతుంది. క్రమం లేని చోట ఇంతటి అనుబంధం ఉండటమే స్పిన్ ద్రవాన్ని మామూలు గందరగోళం నుంచి వేరు చేసే లక్షణం.

జతల ఊహకు పునాది వేసినవారిలో భారతీయులూ ఉన్నారు. చంచల్ కుమార్ మజుందార్, దీపన్ ఘోష్ అనే ఇద్దరు 1969లో ఒక సంకట గొలుసును గణితంతో పూర్తిగా విప్పారు. అందులో ప్రతి స్పిన్‌కూ పక్కవానితో ఒక బంధం, ఒకరిని దాటి అవతలివానితో సగం బలం గల బంధం ఉంటాయి. అటువంటి గొలుసులో స్పిన్‌లు కచ్చితంగా రెండేసి జతలుగా విడిపోతాయని వారు నిరూపించారు. ఆ జతలు స్థిరమైనవి గనుక అది ద్రవం కాదు. అయినా సంకటం నుంచి జత పుట్టగలదని తిరుగులేకుండా చూపిన లెక్క అది. నేటికీ ప్రపంచమంతటా విద్యార్థులు దానిని వారి పేర్లతోనే నేర్చుకుంటారు.

రాగి ఆక్సైడు పదార్థాలలో విద్యుత్తు ఏ నిరోధమూ లేకుండా ప్రవహించే అతివాహకత్వం 1986లో బయటపడిన తరువాత ఆండర్సన్ తన పాత ఊహను 1987లో మళ్ళీ వెలికితీశాడు. అతివాహకత్వానికి మూలం ఈ జతలేనని ఆయన వాదం. ఆ సిద్ధాంతాన్ని పెంచి పోషించినవారిలో తమిళనాడుకు చెందిన శాస్త్రజ్ఞుడు జి. భాస్కరన్ ముఖ్యుడు. ఆ వాదం నేటికీ తుది తీర్పు పొందలేదు గాని, స్పిన్ ద్రవం అన్న మాట శాస్త్రలోకంలో స్థిరపడటానికి అది కారణమయింది.

బుట్ట కన్నులో చిక్కిన రాగి

ఆండర్సన్ ఎంచుకున్న ముక్కోణ జాలమే ఆయనను నిరాశపరచింది. స్పిన్‌లకు పైకి, కిందికి అన్న రెండు దిక్కులే కాక ఎటైనా తిరిగే స్వేచ్ఛ ఉంటే, మూడూ తలా 120 డిగ్రీల దూరంలో నిలబడి ఒక రాజీకి రాగలవు. సాధారణ ముక్కోణ జాలంలో జరిగేది ఆ రాజీయేనని తరువాతి దశాబ్దాల గణనలు తేల్చాయి. మరింత తీవ్రమైన సంకటం గల ఆకారం కావలసి వచ్చింది.

ఆ ఆకారం మేదరివారి చేతిలో తరతరాలుగా ఉన్నదే. కోళ్ళ గంపను వెడల్పాటి కన్నులు వచ్చేటట్లు మూడు దిక్కుల వెదురు బద్దలతో అల్లితే, నడుమ ఆరు కోణాల కన్ను, దాని చుట్టూ చిన్న ముక్కోణాలు ఏర్పడతాయి. జపానులోనూ ఈ అల్లిక ఉన్నది. జపాను భాషలో కాగో అంటే బుట్ట, మె అంటే కన్ను. ‘కగోమె జాలం’ అన్న పేరు 1951లో జపాను శాస్త్రజ్ఞుల రచన ద్వారా భౌతికశాస్త్రంలోకి ప్రవేశించింది. ఈ జాలంలో పక్కపక్క ముక్కోణాలకు ఒక మూల మాత్రమే ఉమ్మడి, అంచు ఉమ్మడి కాదు. అందువల్ల ఒక ముక్కోణం రాజీకి వచ్చినా పక్క ముక్కోణాన్ని తనతో కట్టివేయలేదు. రాజీ మార్గాలు లెక్కకు మిక్కిలి అవుతాయి. క్రమం కుదరడం దాదాపు అసాధ్యమవుతుంది.

ఇటువంటి జాలంలో రాగి అణువులను అమర్చిన ఖనిజం ఒకటి దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు గనులలో దొరికింది. పచ్చని రంగు గల ఆ రాయికి 2004లో హెర్బర్ట్‌స్మితైట్ అని నామకరణం చేశారు. ఆ పేరు బ్రిటిషు ఖనిజశాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ స్మిత్ స్మారకంగా పెట్టినది. రాగి, జింకు, క్లోరిన్, ఆక్సిజన్, హైడ్రోజన్ దాని భాగాలు. అందులో రాగి పొరలు బుట్ట అల్లికలాగా ఉంటాయి, పొరల నడుమ అయస్కాంతత్వం లేని జింకు అడ్డుగోడలా నిలుస్తుంది.

ప్రకృతిలో దొరికే రాయి పరిశోధనకు తగినంత శుద్ధమైనది కాదు. అమెరికాలోని ఎమ్.ఐ.టి. సంస్థలో 2005లో దానిని ప్రయోగశాలలోనే తయారుచేశారు. మొదట దొరికినది పొడి మాత్రమే. పెద్ద స్ఫటికం పెంచడానికి మరి కొన్నేళ్ళు పట్టింది. 7 మిల్లీమీటర్ల పొడవు, 0.2 గ్రాముల బరువు గల ఒక్క స్ఫటికం పెరగడానికి 10 నెలల కాలం కావలసి వచ్చింది.

లేనిదానిని నిరూపించడమెట్లా?

హెర్బర్ట్‌స్మితైట్‌లో స్పిన్‌ల నడుమ లాగుడు ఎంత బలమైనదంటే, దానిని వేడి కొలతలో చెబితే సుమారు 300 కెల్విన్లు. అంటే మామూలు గది వేడికే స్పిన్‌లు ఒకదానినొకటి గట్టిగా పట్టించుకోవడం మొదలుపెట్టాలి. సంకటం లేని పదార్థమైతే ఆ దరిదాపుల వేడి వద్దనే వరుసలో నిలబడి ఉండేది. కాని 2007లో వెలువడిన ప్రయోగాలలో 0.05 కెల్విన్ వరకు చల్లబరిచినా క్రమం జాడ కనిపించలేదు. 300ను 0.05తో భాగిస్తే 6,000. సాధారణంగా ఈ నిష్పత్తి 10 దాటితేనే తీవ్ర సంకటం అంటారు.

అయితే క్రమం కనిపించలేదు అన్న మాత్రాన స్పిన్ ద్రవం దొరికినట్లా? ఇక్కడే ఈ శాస్త్రంలోని అసలు కష్టం ఉన్నది. దొంగ ఇంట్లో ఉన్నాడని చూపాలంటే ఒకసారి కనిపిస్తే చాలు. లేడని చూపాలంటే ప్రతి మూలా వెదకాలి. పదార్థంలో మలినాలు ఉన్నా, అణువులు చోటు తప్పి కూర్చున్నా క్రమం చెడిపోతుంది. ఆ గందరగోళం పైకి స్పిన్ ద్రవంలాగే కనిపిస్తుంది. కాబట్టి లేనిదానితో పాటు ఉన్నదానిని కూడా చూపాలి. స్పిన్ ద్రవంలో మాత్రమే ఉండే ఒక గుర్తును పట్టుకోవాలి.

ఆ గుర్తు పేరు స్పినాన్. కోలాటంలో ఒక జతను బలవంతంగా విడదీస్తే ఇద్దరు ఒంటరివారు మిగులుతారు. మిగిలినవారు జతలు మార్చుకుంటూ ఉండగా ఆ ఇద్దరూ చెరొక దిక్కుకు దూరంగా సాగిపోగలరు. మామూలు అయస్కాంతంలో కదలిక ఒకే అలగా సాగుతుంది. స్పిన్ ద్రవంలో ఆ కదలిక రెండు సగాలుగా విడిపోయి, ఒక్కొక్క సగం ఒక స్వతంత్ర కణంలా తిరుగుతుంది. న్యూట్రాను కూడా ఒక చిన్న అయస్కాంతమే గనుక ఈ తేడాను పసిగట్టగలదు. మామూలు అయస్కాంతం నుంచి చెదరివచ్చే న్యూట్రానులు సన్నని గీతల వంటి చిత్రాన్ని ఇస్తాయి. స్పినాన్‌లున్న చోట ఆ శక్తి ఇద్దరి మధ్య రకరకాలుగా పంచుకోబడుతుంది, అందువల్ల చిత్రం అలుక్కుపోయిన ముగ్గులా పరచుకుంటుంది. హెర్బర్ట్‌స్మితైట్ స్ఫటికాలలో అటువంటి పరచుకున్న చిత్రమే కనిపించిందని ఎమ్.ఐ.టి.కి చెందిన యంగ్ లీ బృందం 2012లో ప్రకటించింది. ఈ రంగంలో దానిని ఒక మైలురాయిగా పరిగణిస్తారు.

న్యూట్రానులతో అయస్కాంత పదార్థాలను పరీక్షించే వసతి మన దేశంలోనూ ఉన్నది. ముంబయిలోని ట్రాంబేలో 1985లో పనిచేయడం మొదలుపెట్టిన ‘ధ్రువ’ రియాక్టరు అందుకు ప్రధాన కేంద్రం.

తీరని వాదాలు

ప్రకటన వెలువడినంత మాత్రాన వాదం ముగియలేదు. హెర్బర్ట్‌స్మితైట్‌లో జింకు ఉండవలసిన స్థానాలలో సుమారు 15 శాతం రాగి అణువులు చొరబడి ఉంటాయి. అవి తమ సొంత అయస్కాంత సంకేతాన్ని వెలువరిస్తూ అసలు సంకేతాన్ని మరుగుపరుస్తాయి. ఆ పదార్థంలో ఒక జతను విడదీయడానికి కొంత కనీస శక్తి తప్పనిసరిగా కావాలా, లేక ఎంత స్వల్ప శక్తితోనైనా విడదీయవచ్చునా అన్న ప్రశ్న మీద శాస్త్రజ్ఞులు రెండుగా చీలిపోయారు. కనీస శక్తి కావాలని 2015లో ఒక ప్రయోగం సూచించింది. అక్కరలేదని 2020లో మరొక ప్రయోగం సూచించింది. ఈ రెండవ పరిశోధన పత్రంలో మొదటి పేరు మద్రాసు ఐ.ఐ.టి.కి చెందిన పంచానన్ ఖుంటియాది. కంప్యూటరు గణనలదీ ఇదే దారి. 2011లో ఒక జవాబు వస్తే, 2017లో దానికి భిన్నమైన జవాబు వచ్చింది.

ఇంకొక ఉదాహరణ మరింత ఆలోచింపజేస్తుంది. రాగిని కలిగిన ఒక సేంద్రియ స్ఫటికాన్ని జపాను శాస్త్రజ్ఞులు 2003లో 0.032 కెల్విన్ వరకు చల్లబరిచి చూశారు. క్రమం కనిపించలేదు. పద్దెనిమిదేళ్ళపాటు అది స్పిన్ ద్రవానికి ప్రముఖ నిదర్శనంగా పాఠాలలో నిలిచింది. జర్మనీలో జరిగిన సూక్ష్మ ప్రయోగాలు 2021లో ఆ నమ్మకాన్ని కదిలించాయి. సుమారు 6 కెల్విన్ల వద్ద దానిలోని జతలు స్థిరంగా బిగుసుకుపోతున్నాయని అవి సూచించాయి. అంటే కోలాటం ఆగిపోయి, ఎవరి జతతో వారు కదలక నిలబడిపోయారన్నమాట.

ఇటువంటి మార్పులను చూసి శాస్త్రానికి నిలకడ లేదనుకోవడం సరికాదు. ఎంతో పేరు పొందిన ఫలితాన్ని కూడా కొత్త పరికరంతో తిరిగి పరీక్షించే హక్కు ప్రతి ప్రయోగశాలకూ ఉన్నది. పత్రికలలో ‘కొత్త పదార్థ స్థితి దొరికింది’ అన్న శీర్షిక కనిపించినప్పుడు పాఠకులు అడగవలసిన ప్రశ్నలు రెండు. క్రమం లేదని మాత్రమే చూపారా, లేక ప్రత్యేకమైన గుర్తును కూడా చూపారా? మరొక చోట, మరొక పద్ధతిలో అదే ఫలితం వచ్చిందా?

దీని వల్ల ప్రయోజనమేమి?

ఇంత శ్రమ దేనికన్న ప్రశ్న సహజమే. స్పిన్ ద్రవంతో నడిచే యంత్రం ఏదీ నేడు బజారులో లేదు. ఆశ ఉన్నది క్వాంటమ్ కంప్యూటరు మీద. క్వాంటమ్ కంప్యూటరులోని సమాచారం అతి సున్నితమైనది, కాస్త వేడి తగిలినా, కాస్త అలజడి కలిగినా చెరిగిపోతుంది. రష్యాలో జన్మించిన శాస్త్రజ్ఞుడు అలెక్సీ కిటాయెవ్ తేనెపట్టు ఆకారపు జాలంలో స్పిన్ ద్రవం ఏర్పడుతుందని 2006లో కచ్చితమైన గణితంతో చూపాడు. అటువంటి ద్రవంలో సమాచారాన్ని ఏ ఒక్క అణువులోనూ దాచరు. మొత్తం అల్లిక తీరులో దాస్తారు. చాపలో ఒక పోగు చిట్లితే చాప అల్లిక మారదు గదా. అదే విధంగా ఒక అణువు చెదిరినా సమాచారం భద్రంగా ఉంటుంది.

కిటాయెవ్ జాలానికి దగ్గరగా ఉన్న పదార్థంగా రుథీనియం క్లోరైడు మీద ముమ్మర పరిశోధన జరుగుతున్నది. అది సుమారు 7 కెల్విన్ల వద్ద మామూలు క్రమంలోకి జారిపోతుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచితే ఆ క్రమం చెదురుతుంది. అప్పుడు మిగిలేది నిజమైన స్పిన్ ద్రవమేనా అన్న దాని మీద 2018లో ఒక జపాను బృందం ఇచ్చిన సాక్ష్యం గురించి వాదోపవాదాలు సాగుతూనే ఉన్నాయి.

స్ఫటికాన్ని వెదకడం మాని, స్పిన్ ద్రవాన్ని తామే కూర్చాలని మరికొందరు పూనుకున్నారు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ బృందం 2021లో 219 రుబీడియం అణువులను లేజరు కిరణాలతో ఒక్కొక్కటిగా పట్టి, కగోమె జాలపు గీతల మీద అమర్చి, స్పిన్ ద్రవం లక్షణాలను చూపింది. ఇందులో మలినాల బెడద లేదు. అణువుల సంఖ్య మాత్రం స్వల్పం. ఇసుక రేణువంత స్ఫటికంలో ఉండే అణువులతో పోలిస్తే 219 అన్నది లెక్కలోనిదే కాదు.

కాబట్టి నేటి స్థితిని ఇట్లా చెప్పుకోవచ్చు. స్పిన్ ద్రవం సాధ్యమేనని గణితం నిరూపించింది. చేతితో కూర్చిన అణువుల జాలంలో దాని లక్షణాలు కనిపించాయి. గనిలో దొరికే రాయివంటి సహజ స్ఫటికంలో, ఏ సందేహానికీ తావు లేకుండా చూపడం మాత్రం మిగిలి ఉన్నది. ఆ పనికి మొదట కావలసినది శుద్ధమైన స్ఫటికం. దానిని పెంచడానికి రసాయన శాస్త్రం, కొలవడానికి భౌతికశాస్త్రం, అర్థం చేసుకోవడానికి గణితం కావాలి.

ఇంటర్మీడియట్‌లో ఈ మూడూ చదువుతున్న పిల్లలు సరిహద్దు పల్లెలలో ఎందరో ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో, పై చదువులో ఇంగ్లీషు అన్న మూడు భాషల నడుమ పాఠం అందక, ఈ చదువులు తమకు కావేమోనని వారు వెనుదీయడం కద్దు. ముక్కోణంలో మూడవ ముల్లు ఎందుకు చిక్కుకుంటుందో తెలుసుకోవడానికి ఒక కాగితం, ఒక పెన్సిలు చాలు. ఎనిమిది రీతులూ గీసి, తగవు గట్లను లెక్కపెట్టిన పిల్లవాడు ఈ శాస్త్రంలో మొదటి పాఠం పూర్తిచేసినట్లే. ఆ తరువాత కోళ్ళ గంప ముందు కూర్చుని, దాని ముక్కోణాలలో అదే లెక్క ఎట్లా పెరుగుతుందో చూస్తే రెండవ పాఠం మొదలవుతుంది.